సన్నిధి

నేడు పట్టములు పొందిన స్నాతకులారా, చిరకాలముగా నన్ను కలచుచున్న విషయమునే చెప్పెదను.

చీనా తత్త్వచరిత్రను బోధించుచు నా ఉద్యోగజీవితము గడచినది. ఆ పనిలో నాకు మిక్కిలి ప్రియుడైనవాడు 18వ శతాబ్ద్యారంభమున నాన్‌జింగు నగరమున గ్రంథరచన సాగించిన ల్యూ జీ. పారశీక సూఫీకవి జామీ 'లవాయిహ్'ను చీనాభాషలోనికి తెచ్చిన ఆ ముస్లిము పండితుడు, 'త్యెన్‌ఫాంగ్ ద్యెన్‌లీ' అను గ్రంథమున ప్రార్థనోపవాసాది పంచవిధుల సరసనే కన్ఫ్యూషియసు సంప్రదాయపు పంచసంబంధములను గూడ దైవవిహితములుగా నిరూపించెను. అందును రాజభక్తికి గాని పితృభక్తికి గాని అగ్రస్థానమీయక, దాంపత్యమును మొదట నిలిపెను. నమాజునందలి ఏకాగ్రత ఇంటిలోనికిని రావలెనన్నదే ఆ క్రమమున నాకు గోచరించిన భావము. నక్షబందీ సూఫీలు సైతము ఏకాంతమును కొండగుహలలో గాక జనసమూహము నడుమనే సాధింపవలెనని విధించిరి.

నేను ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో మా శాఖాధ్యక్షులుగా నుండిన వృద్ధాచార్యులు, తమ గదిలోనికి ఎవరు వచ్చినను, కలమునకు మూతపెట్టి, కండ్లజోడు తీసి, వచ్చినవారిని కూర్చుండబెట్టి గాని మాటలాడెడివారు కారు. కాగితముపై సంతకము మాత్రమే కోరి వచ్చిన అటెండరు ఒకనాడు తన కుమార్తె చదువును గూర్చి అరగంటసేపు చెప్పుకొని పోయెను. ల్యూ జీ గ్రంథములు నాకు అర్థమగుట ఆ గదిలోనే ఆరంభమైనది.

నాయనలారా, అమ్మలారా! తల్లి మాటలాడుచుండగా ఫోనుపై వ్రేళ్లు కదపుచు 'ఊ, ఊ' అనుటను వినుటయని మీకెవరు నేర్పిరి? మేము నేర్పలేదు. నెలనెలా డబ్బు పంపుచున్నాము గదా యని రేపు మీరనబోవు సమాధానమును నేనిప్పుడే వినుచున్నాను. కుక్కలకును గుర్రములకును గూడ తిండి పెట్టుచునే యున్నాము, భక్తి లేనిచో తల్లిదండ్రుల పోషణకు దానితో భేదమేమని కన్ఫ్యూషియసు ఏనాడో మందలించెను. కోపగింపకుడు, మీపై ప్రేమ లేనిచో నేనింత గట్టిగా పలుకను.

ఈ సభ ముగియగానే ఛాయాచిత్రములు ఎటులను దింపుకొందురు, దింపుకొనుడు. పిమ్మట ఫోను సంచిలో వేసి, దూరమునుండి వచ్చిన మీ పెద్దలను భోజనమునకు తీసికొనిపొండు. మీ నాయనగారు ఇంతకుముందు పదిసార్లు చెప్పిన కథనే మరల మొదలుపెట్టుదురు. కడవరకు చెప్పనిండు.