ఎగరక ముందే తేలాల్సిన లెక్క

 

ఓర్వకల్లు విమానాశ్రయంలో 2021 మార్చి 28న ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. అక్కడి రెండు వేల మీటర్ల రన్‌వే నుంచి నాలుగు సీట్ల సెస్నా 172లో ఒక పైలట్ మన ఆదోని మీదికొచ్చి, దిగకుండా తిరిగి వెళ్లాలనుకున్నాడనుకుందాం. మేఘాల్లోకి పోకుండా, నేలను చూసుకుంటూ నడిపే పద్ధతి ఇది. మన దేశంలో సాధారణంగా ఇలా రాత్రిపూట ఎగరనివ్వరు. పగలైనా ఐదు కిలోమీటర్ల దూరం కనబడాలి. మబ్బుకు పక్కగా 1,500 మీటర్లు, పైకీ కిందికీ 300 మీటర్లు ఎడం ఉండాలి.

ముందుగా మ్యాపు పరుచుకోవాలి. పడమరకు పోతుంటే తుంగభద్ర కుడివైపు, ఎమ్మిగనూరు కూడా కుడివైపే. చివర గుంతకల్లు–రాయచూరు రైలు మార్గం అడ్డం వస్తుంది. పట్టాలు దాటినా ఆదోని కోట కొండలు కనబడలేదంటే దారి తప్పినట్టే.

తర్వాత గాలి. దూరం సుమారు 95 కిలోమీటర్లు, వేగం గంటకు 200. గాలి లేకుంటే రానుపోను 57 నిమిషాలు. వానాకాలపు పడమటి గాలి 40 కిలోమీటర్ల వేగంతో వీస్తే వచ్చేటప్పుడు 36 నిమిషాలు, పోయేటప్పుడు 24. ఎదురుగాలి తిన్న కాలాన్ని వెనుకగాలి పూర్తిగా తిరిగివ్వదు. అందుకే ఆ గంటకు పైన కనీసం అరగంట ఇంధనం మిగిలేలా పోసుకోవాలి.

ఇక మన ఎండ. ఆదోని సముద్రమట్టానికి సుమారు 435 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 42 డిగ్రీలుంటే గాలి పలచబడి, విమానానికి అది దాదాపు 1,500 మీటర్ల ఎత్తుతో సమానం. ఇంజను బలం తగ్గుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది, అలాంటి ఎండలో ఓర్వకల్లులో పైకి లేవడానికీ రన్‌వే ఎక్కువ కావాలి. ఆ రోజు నాలుగో మనిషిని దించేయాల్సి రావచ్చు.

చివరగా మబ్బు. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలి ఆయనతో సహా ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ దారిన ఆనాడు వాన మబ్బులు దట్టంగా కమ్మి ఉన్నాయి. ఎంత అనుభవజ్ఞులున్నా, ఎంత పెద్ద యంత్రమున్నా మబ్బు ముందు చిన్నబోవాల్సిందే.

అందుకే ఏ ఊరి దగ్గర, ఏ గుర్తు కనబడకపోతే వెనక్కి తిరగాలో నేల మీదే రాసుకోవాలి. పైకెళ్లాక మనసు ముందుకే లాగుతుంది. మీలో ఎవరైనా చిన్న విమానం ఎక్కబోయిన రోజున పైలట్ 'ఈరోజు వద్దు' అంటే దయచేసి బలవంతం చేయకండి. అతను తన పని సరిగ్గా చేశాడని గౌరవించండి.