ఎముక మూలుగ పరీక్ష - భయం ఎందుకు?



హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో రక్తం తగ్గి నీరసపడినవారిని డాక్టరు “ఎముక మూలుగ పరీక్ష చేయాలి” అనగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. “వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయట” అని ఎవరో అంటారు. ఈ మాటలో నిజమెంతో చూద్దాం.

మాంసం కూరలో ఎముకను చప్పరిస్తే మెత్తగా వచ్చేదే మూలుగ. మన ఒంట్లో ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు పుట్టేది అందులోనే. చేతినుంచి తీసిన రక్తం సంతకు వచ్చిన రాగుల వంటిది. రాగులు ఎందుకు తగ్గాయో తెలియాలంటే చేను చూడాలి కదా! మూలుగే ఆ చేను.

పెద్దలకు సాధారణంగా తుంటి ఎముక వెనుక భాగంనుంచి మూలుగ తీస్తారు. వెన్నుపాము జోలికే పోరు. ఆ చోట మత్తుమందు ఇస్తారు. మూలుగను లాగేటప్పుడు క్షణకాలం నొప్పి ఉంటుంది. గాజు పలకలమీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. రక్తం పలచబడే మందులు వాడేవారు ముందే చెప్పాలి.

ఏం తెలుస్తుంది? బి12, ఫోలిక్ ఆమ్లం లోపిస్తే కణాలు పెద్దవిగా, పక్వం కాకుండా కనిపిస్తాయి. లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో పసి కణాలు మూలుగంతా నిండిపోతాయి. మరో జబ్బులో మూలుగ ఎండి కొవ్వు మిగులుతుంది. పైకి మూడింటికీ నీరసమే, పాలిపోవడమే. వైద్యం మాత్రం వేరు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుగుడుగా పనిచేసే అమినాప్టెరిన్‌ను కూడా అదే బృందం అందించింది. ఆ మందుతో లుకేమియా పిల్లలకు తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. చూశారా? ఒక రోగికి ఫోలిక్ ఆమ్లం కావాలి, మరొకరికి దాన్ని అడ్డుకునే మందు కావాలి. ఎవరికి ఏది అన్నది తేల్చడంలో మూలుగ పరీక్ష ముఖ్యం.

రక్తహీనత ఉన్న ప్రతివారికీ ఈ పరీక్ష అక్కరలేదు. చాలామందికి మామూలు రక్తపరీక్ష చాలు. కానీ ఇనుము మాత్రలు వాడినా గుణం లేకపోతే, మాటిమాటికీ జ్వరం వస్తుంటే, చిగుళ్లనుంచి రక్తం కారుతుంటే ఆలస్యం చేయకండి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు సొంతంగా మింగకండి. బి12 లోపం ఉన్నవారికి వాటితో రక్తం పెరిగినా, లోలోపల నరాలు దెబ్బతింటూనే ఉండవచ్చు.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంటే డాక్టరును మన భాషలో చెప్పమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. ప్రాణం మనది.