విషాల చదువు - మన పిల్లలకు పనికొస్తుందా?

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కనుకనే పింఛను దయాధర్మం కాదు, హక్కు అని మనం తలెత్తుకుని చెప్పుకోగలుగుతున్నాం. ఈ రోజున కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. అవి నాకంటే బాగా చెప్పగలవారు వేదిక మీద ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను పిల్లల చదువుల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. డిసెంబరు నెలకు ఇంకొక జ్ఞాపకం కూడా ఉంది. 1984లో 2వ తేదీ రాత్రి, తెల్లవారితే 3 అనగా, భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ వాయువు వెలువడి వేలాది మందిని బలి తీసుకుంది. ఈ రెండింటినీ కలిపే చదువు ఒకటుంది. దాని పేరు టాక్సికాలజీ. తెలుగులో విషశాస్త్రం అనవచ్చు.

నా మనవరాలు బి.ఫార్మసీ పూర్తి చేసి, ఆపైన ఈ చదువే చదువుతానంది. ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. "బంగారం లాంటి పిల్ల విషాలు నేర్చుకోవడమేమిటి, సాఫ్ట్‌వేరు చేయించక?" అని బంధువులు. "ఎలుకలనీ కుందేళ్ళనీ చంపే పని మన ఇంటా వంటా లేదు" అని మా ఆవిడ. నేను గుమస్తాగా పనిచేసినవాణ్ణి, సైంటిస్టును కాను. అయితే ఫైలు పూర్తిగా చదవకుండా నోటు పెట్టే అలవాటు నాకు లేదు. అందుకని ఈ చదువు సంగతి తెలుసుకున్నాను. తెలిసినంత మీకు మనవి చేస్తాను.

మొదటి మాట. ఏది విషం? పదహారవ శతాబ్దంలో పారాసెల్సస్ అనే వైద్యుడు, విషం కానిది లోకంలో ఏదీ లేదు, మోతాదే దాన్ని విషం చేస్తుంది అని చెప్పాడు. మన పెద్దలు అతి అయితే అమృతం కూడా విషమే అనడం ఇందుకే. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో అగదతంత్రం ఒకటి. అది విషాలకూ విరుగుళ్ళకూ సంబంధించినదే. నేటికీ ఆయుర్వేద వైద్యులు అందులో ఎం.డి. చేస్తున్నారు.

మన వయసు వారికి ఉదాహరణలు చెప్పనక్కరలేదు, మాత్రల డబ్బా తెరిస్తే చాలు. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ సంగతే చూడండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు 4 గ్రాములు దాటకూడదంటారు. అంటే 500 మిల్లీగ్రాముల బిళ్ళలు ఎనిమిది. కాలేయం బాగాలేని వారికి ఇంకా తక్కువ. అది దాటితే, జ్వరం తగ్గించిన ఆ బిళ్ళే కాలేయాన్ని పాడు చేస్తుంది. ఆ హద్దు ఎక్కడుందో కొలిచి చెప్పే శాస్త్రమే ఇది.

ఇక ఈ చదువు లేకపోతే ఏమవుతుందో చూడండి. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన ఆహారం తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ తరువాత మన దేశానికి 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది బడిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ట్యాంకులోని స్టైరీన్ వేడెక్కి ఆవిరిగా బయటికి వచ్చింది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది కనుక నేలబారున పాకింది. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో ఐదు వందలమందికి పైగా జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఒక సంస్థ, పురుగుమందు అవశేషాలు ఉన్నాయని మరొక సంస్థ చెప్పాయి. ఢిల్లీ నుంచి, హైదరాబాదు నుంచి నిపుణులు రావలసి వచ్చింది. అంతవరకు ఏలూరు వారు ఏ నీరు తాగాలో, ఏ కూర తినాలో తెలియక బిక్కుబిక్కుమంటూ గడిపారు.

భోపాల్ తరువాత చట్టాలకు కొదవ లేదు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ, 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు, 1996లో రసాయన ప్రమాదాల నియమాలు వచ్చాయి. ఆ రోజుల్లో నేను ఒక జిల్లా కార్యాలయంలో గుమస్తాగా ఉన్నాను. సర్క్యులర్ల మీద సర్క్యులర్లు వచ్చేవి. ఫ్యాక్టరీ లోపల ప్రమాదం జరిగితే ఏం చేయాలో యజమాని ప్రణాళిక రాయాలి. ఫ్యాక్టరీ బయట జనం సంగతి జిల్లా యంత్రాంగం రాయాలి. ఫారాలన్నీ టైపు చేసింది మేమే. ఫలానా వాయువు వెలువడితే ఎంత దూరం వరకు ప్రమాదం అన్న గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయేది. అది అడగడానికి జిల్లాలో మాకు మనిషి దొరకలేదు. ఫైరు స్టేషను, ఆసుపత్రి ఫోను నంబర్లు మాత్రం చక్కగా నింపి పైకి పంపేవారు. ఆ గడి నింపగలిగే మనిషిని తయారు చేయడమే నేను చెబుతున్న చదువుల పని.

ఆ గడి ఎలా నింపుతారో తెలుసుకోవాలంటే నల్లగొండ ఫ్లోరైడు కథ చూడాలి. ఫ్లోరైడు వ్యాధిని మన దేశంలో మొట్టమొదట గుర్తించింది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండలో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ప్రపంచానికి తెలియజేశారు. రసాయన ప్రమాదాన్ని అంచనా వేయడానికి విద్యార్థులకు నాలుగు మెట్లు నేర్పుతారు. మొదటిది, ఈ పదార్థం ఏ హాని చేస్తుంది? ఫ్లోరైడు పళ్ళకు గార పట్టిస్తుంది, ఎముకలను పాడు చేస్తుంది. రెండవది, ఎంత మోతాదులో ఎంత హాని? మన ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఒక మిల్లీగ్రాము దాటకపోతే మంచిది, వేరే నీటి వసతి లేనప్పుడు ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవచ్చు. మూడవది, మనిషి ఒంట్లోకి అది ఎంత వెళుతోంది? నాలుగవది, ఈ మూడూ కలిపి చూస్తే ఎవరికి ఎంత ముప్పు?

మూడవ మెట్టు చాలా ముఖ్యం. ఊరందరికీ బావి ఒకటే, నీళ్ళూ ఒకటే. ఫ్యాను కింద కూర్చున్న గుమస్తా రోజుకు రెండు లీటర్లు తాగుతాడు. ఎండలో నాట్లు వేసే కూలీ ఐదారు లీటర్లు తాగుతుంది. కాగితం మీద ఒకే బావి, ఒకే అంకె. ఒంట్లో చేరే విషం మాత్రం ఆ తల్లికి రెండు మూడింతలు. తినే తిండిలో కాల్షియం తక్కువైతే హాని ఇంకా ఎక్కువ. సగటు లెక్క చూసి అంతా బాగుందని సంతకం పెట్టేవాడికీ, ఈ చదువు చదివినవాడికీ తేడా ఇదే.

ఇంకొక లెక్క కూడా చెబుతాను. ఆహారంలో కలిపే రంగులు, పంట మీద మిగిలే పురుగుమందుల విషయంలో, జంతువులకు ఏ హానీ చేయని మోతాదును ముందు కనిపెడతారు. దాన్ని సాధారణంగా నూరుతో భాగిస్తారు. జంతువుకూ మనిషికీ ఉన్న తేడాకు ఒక పది, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు మరొక పది. ఈ రెండవ పది ఎవరి కోసమనుకున్నారు? పసిపిల్లలూ, గర్భిణులూ, మనలాంటి ముసలివాళ్ళూ దెబ్బతినకుండా ఉండటం కోసం.

మా ఆవిడ అడిగిన జీవహింస ప్రశ్న కూడా న్యాయమైనదే. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు మూడు సూత్రాలు చెప్పారు. వీలైన చోట జంతువులు లేకుండానే పరీక్షించాలి, తప్పనప్పుడు తక్కువ వాటితో సరిపెట్టాలి, వాటికి బాధ తగ్గించాలి. ఇప్పుడు కణాల మీద, కంప్యూటరు మీద చేసే పరీక్షలు పెరుగుతున్నాయి. సౌందర్య సాధనాల కోసం జంతువుల మీద పరీక్షలు చేయడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. ఆ హింస తగ్గాలని కోరేవారు ఆ చదువులోకి వెళితేనే అది తగ్గేది అని మనవరాలు వాళ్ళ అమ్మమ్మకు చెప్పింది. ఆవిడ మరి మాట్లాడలేదు.

ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది? ఫార్మసీ పిల్లలకు మన హైదరాబాదు బాలానగర్‌లోనే నైపర్ ఉంది. 2007లో మొదలైంది. ఫార్మకాలజీ, టాక్సికాలజీలో ఎం.ఎస్. ఉంది. దానికి జీప్యాట్ అర్హత, నైపర్ ప్రవేశ పరీక్ష కావాలి. సైన్సు పిల్లలకు ఢిల్లీలోని జామియా హమ్దర్ద్‌లో టాక్సికాలజీ ఎం.ఎస్సీ. ఉంది. పరిశోధన చేయదలిస్తే 1965లో స్థాపించిన లక్నో సంస్థ ఉంది, ఇప్పుడు దాని పేరు భారతీయ విషశాస్త్ర పరిశోధన సంస్థ. పశువైద్యం చదివినవారికి తిరుపతి, హైదరాబాదు పశువైద్య విశ్వవిద్యాలయాలలో ఎం.వి.ఎస్సీ. ఉంది. ఎం.బి.బి.ఎస్. చదివి ఫ్యాక్టరీ వైద్యులుగా వెళ్ళదలచినవారికి ఎ.ఎఫ్.ఐ.హెచ్. అనే మూడు నెలల శిక్షణ, ఇంజనీర్లకు పారిశ్రామిక భద్రతలో అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఉన్నాయి. ముంబయిలోని కేంద్ర కార్మిక సంస్థ ఇలాంటి శిక్షణకు పేరుపొందింది.

పై దేశాలలో చదువు పూర్తయ్యాక కూడా వదలరు. అమెరికాలో టాక్సికాలజీ బోర్డు పరీక్ష నెగ్గినవారు, ఐరోపాలో రిజిస్టరైన టాక్సికాలజిస్టులు ఐదేళ్ళకోసారి తమ అర్హతను మళ్ళీ రుజువు చేసుకోవాలి. మనం ఏటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. వాళ్ళు తమ చదువు బతికే ఉందని సర్టిఫికెట్ ఇవ్వాలన్నమాట!

నన్ను బాగా ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. అమెరికాలో 1970లలో కొన్ని ప్రయోగశాలల బండారం బయటపడింది. పరీక్షలో చచ్చిన ఎలుకల బదులు కొత్త ఎలుకలను పెట్టి లెక్క సరిచేశారు. మస్టరు రోలులో చనిపోయిన కూలీకి హాజరు వేసినట్టే. దాంతో 1978లో అక్కడి ప్రభుత్వం మంచి ప్రయోగశాల పద్ధతి అంటూ నియమాలు పెట్టింది. మన దేశం 2002లో ఇందుకొక పర్యవేక్షణ వ్యవస్థ ఏర్పరచుకుంది. 2011 నుంచి మన గుర్తింపు పొందిన ప్రయోగశాలల ఫలితాలను ఓ.ఇ.సి.డి. దేశాలు ఒప్పుకుంటున్నాయి. ఆ నియమాలేమిటో వింటే మీకు నవ్వొస్తుంది. ఏది చేసినా అప్పటికప్పుడే రాయాలి. తప్పు పడితే చెరిపేయకూడదు, దిద్ది రాయకూడదు. కింది అక్షరాలు కనబడేటట్టు ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, పొడి సంతకం, తేదీ వేయాలి. పాత రికార్డు భద్రపరచాలి. రాయనిది జరగనట్టే లెక్క. ఇదంతా మన ఆఫీసు పద్ధతే! మా మనవరాలికి ఈ సంగతి చెబితే, "తాతయ్యా, నీకు సగం కోర్సు అయిపోయింది" అంది.

పిల్లలను చేర్పించేముందు నాలుగు విషయాలు కనుక్కోండి. కోర్సుకు యు.జి.సి. గుర్తింపు గానీ, సంబంధిత మండలి గుర్తింపు గానీ ఉందా? చేతితో పనిచేయించే ప్రయోగశాల ఉందా, లేక పుస్తకమే చదివిస్తారా? ఎసెస్‌మెంటు, లెక్కలు, నివేదిక రాయడం నేర్పుతారా? నిరుడు చదివినవారు ఇప్పుడు ఎక్కడున్నారు? రెండు రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలకు డబ్బు కట్టకండి. మందుల కంపెనీలలో, పురుగుమందుల పరీక్షశాలలలో, ఆహార, ఫోరెన్సిక్ ప్రయోగశాలలలో ఈ చదువుకు పని ఉంది. సాఫ్ట్‌వేరంత తొందరగా పెద్ద జీతం రాకపోవచ్చు, అది ముందే తెలిసి వెళ్ళాలి.

చదువు పిల్లలది, కాపలా మనది. పురుగుమందు డబ్బా మీద చతురస్రంలో రంగు త్రిభుజం ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే హాని తక్కువ అనే గానీ, హాని లేదని కాదు. ఖాళీ డబ్బాలో నూనె గానీ, నీళ్ళు గానీ పోయవద్దు. కిరోసిను, టర్పెంటైను, యాసిడ్ కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచవద్దు, మనవలు తాగేస్తారు. ఎవరైనా విషం మింగితే ఆ డబ్బా, లేబులు వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. డాక్టరుకు సగం పని అక్కడే తేలుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995 నుంచి జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, ఏ వేళనైనా ఫోనులో వైద్యులకు సలహా ఇస్తుంది.

చివరగా సంఘానికి ఒక మనవి. మన సభ్యులలో చాలామంది ఫ్యాక్టరీల పక్క కాలనీల్లో ఇళ్ళు కట్టుకున్నారు. జిల్లా అత్యవసర ప్రణాళికలో మన కాలనీ పేరుందా, సైరను మోగితే ఏ వైపుకు పోవాలి, నడవలేని వృద్ధులను ఎవరు తీసుకువెళతారు అని కలెక్టరు గారికి సంఘం తరఫున ఒక విజ్ఞాపన పత్రం ఇద్దాం. దరఖాస్తు రాయడం మనకెవరూ నేర్పక్కరలేదు. జవాబు వచ్చేవరకు రిమైండర్లు పంపడం అంతకంటే బాగా తెలుసు. ఆ జవాబులో నేను చెప్పిన గడి ఖాళీగా ఉంటే, దాన్ని నింపగల పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు. వాళ్ళను చదవనిద్దాం.