కట్టిన ఇంటి మీద కట్టినవాళ్ళ హక్కు

(శ్రామిక స్త్రీల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



చేసిన పనికి డబ్బు రాబట్టుకోవడం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఇది కాంట్రాక్టర్ల గొడవ కదా, స్త్రీల సభలో దీనికేం పని అని ఒకరిద్దరు అనుమానపడ్డారు కూడా. ఈ హాల్లోనే చిన్న చిన్న రంగుల పనులు, టైల్స్ పనులు గుత్తకి పట్టి నలుగురిని వెంటబెట్టుకుని చేయిస్తున్న స్త్రీలున్నారు. ఇటుకలు, ఇసుక మోసే కూలీలున్నారు. ఇంట్లో కూర్చుని కుట్టుపని, మగ్గం వర్క్ చేసేవాళ్ళున్నారు. డబ్బు ఎగ్గొట్టడం ఏమిటో అందరికీ తెలుసు. కాని చట్టం అందర్నీ ఒకేలా చూడదు. నేను ముఖ్యంగా ఆ తేడా గురించే చెప్పదలచుకున్నాను.

ముందు కుట్టుపని సంగతి చూద్దాం. ఎవరైనా ఒక వస్తువు మనకిచ్చి దాని మీద శ్రమో నైపుణ్యమో పెట్టమంటే, పని పూర్తిచేశాక మన మజూరీ చెల్లించేదాకా ఆ వస్తువుని మన దగ్గరే ఉంచుకోవచ్చు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ఈ మాట చెబుతోంది. న్యాయభాషలో దీన్ని లీన్ అంటారు. సెక్షను కింద వజ్రం సానబట్టేవాడు, కోటు కుట్టే దర్జీ ఉదాహరణలుగా ఉన్నారు. ఆ దర్జీ ఉదాహరణలోనే ఒక మెలిక ఉంది. కుట్టగానే కోటు ఇచ్చేస్తాను, డబ్బు మూడు నెల్లకివ్వండి అని అతను ముందే ఒప్పుకుని ఉంటే కోటుని ఆపే హక్కు అతనికి లేదు.

మన ఇళ్ళలో జరిగేది సరిగ్గా ఇదే. దళారి జాకెట్ల మూట తెచ్చి పడేస్తాడు, వారం తిరిగేసరికి పట్టుకుపోతాడు, లెక్క పండక్కి చూసుకుందామంటాడు. కాదంటే ఆ మూట పక్కింటికి పోతుంది. పైగా ఈ హక్కు చేతిలో ఉన్న వస్తువు మజూరీకే వర్తిస్తుంది. పోయిన నెల బాకీకి ఈ నెల జాకెట్లు ఆపడం కుదరదు. వస్తువుని ఆపుకోవచ్చు గాని అమ్ముకునే అధికారం లేదు. ఇన్ని చిక్కులున్నా హక్కంటూ ఒకటుంది.

ఇంటి దగ్గరికొస్తే అది కూడా లేదు. సాయంత్రం పని దిగాక గోడని మూటగట్టి మనింటికి తెచ్చుకోలేం కదా! కట్టిన ప్రతి ఇటుకా పెట్టిన క్షణంలోనే స్థలం యజమానిదైపోతుంది. మన దేశంలో ఇల్లు కట్టినవాళ్ళ బాకీని ఆ ఇంటికి ముడిపెట్టే సాధారణ చట్టమేదీ లేదు. స్థలం అమ్మినవాడికి మాత్రం ఆ రక్షణ ఉంది. 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, స్థలం కొన్నవాడి పేరుకి మారినా, పూర్తి సొమ్ము ముట్టకపోతే ఆ బాకీ స్థలాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. అదే స్థలంలో పునాది తవ్వినామె బాకీ మాత్రం మేస్త్రీ వెనకాల తిరగాలి. ఆస్తి ఉన్నవాడి బాకీకి ఆస్తే పూచీ. శ్రమ తప్ప మరేదీ లేని మనిషి బాకీకి నోటిమాట పూచీ.

అమెరికాలో ఈ ఖాళీని ఎలా పూడ్చారో చూడటం మనకి ఉపయోగం. అక్కడ 1791లో వాషింగ్టన్ నగరం కట్టాల్సొచ్చింది. పనివాళ్ళూ సామాను ఇచ్చేవాళ్ళూ డబ్బొస్తుందన్న నమ్మకం లేకపోతే ముందుకి రారు. జెఫర్సన్, మాడిసన్‌ల ప్రోద్బలంతో మేరీలాండ్ శాసనసభ, డబ్బు ఇవ్వకపోతే కట్టినవాళ్ళకి కట్టడం మీదే హక్కుండేలా చట్టం చేసింది. కూలీల మీద ప్రేమతో చేసిందేం కాదు, ఊరు తొందరగా లేవాలని చేసింది. అదే నగరంలో అధ్యక్ష భవనానికీ, పార్లమెంటు భవనానికీ రాళ్ళు మోసినవాళ్ళలో నల్లజాతి బానిసలున్నారు. వాళ్ళ అద్దె వాళ్ళ యజమానుల చేతికి వెళ్ళింది. చట్టం శ్రమని గుర్తిస్తుందనుకుంటాం గాని, నిజానికి అది లెక్కలో ఎవరి పేరుందో చూస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇవాళ అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి. కాలిఫోర్నియాలోనైతే 1879 రాజ్యాంగంలోనే పెట్టారు. అక్కడ యజమానితో నేరుగా ఒప్పందం లేని ఉపకాంట్రాక్టరు, సామాను దుకాణం పని మొదలుపెట్టిన 20 రోజుల్లోగా యజమానికి నోటీసు ఇవ్వాలి. కూలీలకి ఆ నోటీసు అక్కర్లేదు. ఇది మంచి ఏర్పాటు. పని పూర్తయ్యాక మామూలుగా 90 రోజుల్లో కౌంటీ రికార్డుల్లో లీన్ నమోదు చేయించాలి. పని పూర్తయిందని యజమాని ప్రకటన నమోదు చేస్తే గడువు ఇంకా తగ్గుతుంది: నేరుగా ఒప్పందమున్న కాంట్రాక్టరుకి 60 రోజులు, మిగతావాళ్ళకి 30. లీన్ నమోదయిన 90 రోజుల్లో దావా వెయ్యకపోతే అది చెల్లదు. లీనున్న ఇంటిని అమ్మడం, తాకట్టు పెట్టడం కష్టం కాబట్టి చాలాసార్లు కోర్టుదాకా పోకముందే డబ్బు బయటికొస్తుంది.

అయితే దీన్ని నెత్తిన పెట్టుకోవాల్సిన పనిలేదు. ఒక ఒంటరి స్త్రీ ఉన్నదంతా పోగుచేసి ఇల్లు బాగుచేయించుకుని కాంట్రాక్టరుకి పూర్తిగా డబ్బు ఇచ్చిందనుకోండి. అతను టైల్స్ దుకాణానికి ఎగ్గొడితే, ఆ దుకాణంవాడు లీన్ వేసేది ఆమె ఇంటి మీద! ఆమె రెండోసారి కట్టాల్సి రావచ్చు. అందుకే అక్కడ డబ్బిచ్చేముందు కింది వాళ్ళందరి దగ్గరా హక్కు వదులుకున్నట్టు కాగితం తీసుకుంటారు. ఆ కాగితమూ ఉచ్చే. డబ్బు ముట్టకముందే సంతకం పెట్టినవాళ్ళు హక్కు పోగొట్టుకునే ప్రమాదముంది. చెక్కు మారాకే చెల్లేలా షరతుతో కూడిన పత్రాన్ని కాలిఫోర్నియా చట్టం వేరే తయారుచేసి పెట్టింది. మన దగ్గర ఇలాంటి చట్టం అడిగేటప్పుడు ఒకే ఇల్లున్న పేదరాలినీ వంద ఫ్లాట్ల బిల్డర్నీ ఒకే గాటన కట్టకూడదని నా అభిప్రాయం.

మరి అంతదాకా ఏం చెయ్యాలి? గుత్తకి పనులు చేసేవాళ్ళు పునాదికింత, శ్లాబుకింత, ప్లాస్టరింగ్‌కింత అని దశలవారీగా డబ్బు రాయించుకోవాలి. ఒక దశ డబ్బు రాకపోతే రెండో దశ మొదలుపెట్టం అన్న షరతు అందులో ఉండాలి. మనకి లీన్ లేనిచోట పని ఆపడమే లీను. దావాకి గడువు మామూలుగా మూడేళ్ళు. ఈలోగా ఎగ్గొట్టడం కోసమే యజమాని ఆస్తి అమ్మేస్తున్నాడని చూపగలిగితే, తీర్పుకి ముందే జప్తు అడగొచ్చు. కోర్టులు దాన్ని తేలిగ్గా ఇవ్వవు.

కూలీల విషయంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలన్న 1970 చట్టపు సూత్రం కొత్త కోడ్‌లోనూ ఉంది. కాని ఆ అధ్యాయం వర్తించాలంటే ఇదివరకు 20 మంది కూలీలుంటే చాలేది, ఇప్పుడు 50 మంది ఉండాలి. మన మేస్త్రీల ముఠాలు ఎక్కువగా ఈ గీతకి కిందే ఉంటాయి. దీన్ని మనం గట్టిగా ప్రశ్నించాలి. అదే సమయంలో, వేతనాల కోడ్ కింద మూడేళ్ళలోపు క్లెయిము వెయ్యొచ్చు. పాత వేతన చెల్లింపు చట్టంలో 12 నెలలే ఉండేది. రిజిస్టరైన యూనియను కూడా కార్మికుల తరఫున వెయ్యొచ్చు. ఉత్తర్వయ్యాకా ఇవ్వకపోతే కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలాగా వసూలు చెయ్యొచ్చు. అంటే బాకీదారుడి ఆస్తిని తాకే దారి మనకీ ఒకటుంది, చుట్టుదారే అయినా.

కాని ఆ దారిన వెళ్ళాలంటే పట్టీలో పేరుండాలి. పాలమూరు నుంచి వలసపోయిన జంటల్లో మేస్త్రీ అడ్వాన్సు భర్త చేతికిస్తాడు, జంట కూలి అతని పేరనే రాస్తాడు. ఆమె తలమీద తట్ట ఉంటుంది, పట్టీలో పేరుండదు. రేపు లీన్ చట్టం వచ్చినా ఆ హక్కు కూడా భర్త పేరునే పుడుతుంది. అందుకే ముఠాలో ప్రతి స్త్రీకీ విడిగా హాజరు, విడిగా లెక్క ఉండాలని మన సంఘం మేస్త్రీలతో పేచీ పెట్టుకోక తప్పదు. మేస్త్రీ రాయనంటే మనమే రాసుకోవాలి: తేదీ, స్థలం, ఇంటి యజమాని పేరు, చేసిన పని, ముట్టిన డబ్బు. పక్కన పనిచేసిన ఇద్దరి సంతకాలో వేలిముద్రలో ఉంటే మరీ మంచిది. ఇప్పటికే ఇలా రాసుకున్న పుస్తకాలు మీలో ఎవరి దగ్గరన్నా ఉంటే భోజనాల తర్వాత తీసుకురండి. న్యాయవాదులైన మన మిత్రులు కూర్చుని చూస్తామన్నారు.