తులసి కంకులన్నీ తుంచెయ్యకండి



పోయినేడు మా పెరళ్లలో గుమ్మడి పాదులు బాగా పాకాయి, పూశాయి. పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోయాయి. పురుగనుకొని పొద్దున్నే మందు కొట్టాం. ఉన్న నాలుగు తేనెటీగలూ పోయాయి. అమ్ముకోడానికి కాయ లేక ఆ నెల పొదుపు కట్టడమే కష్టమైంది.

తర్వాత తెలిసింది. గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడి మోసేది తేనెటీగే. అది రాకపోతే పిందె నిలవదు.

చల్లటి, పొడి ఊళ్లలో తేనెటీగల కోసం రోజ్‌మేరీ పెంచుతారు. మన అనకాపల్లి వానలకి దాని వేరు కుళ్లిపోతుంది. పెంచాలంటే ఇసుక కలిపిన మట్టి, అడుగున చిల్లున్న కుండీ ఉండాలి, మట్టి ఆరాకే నీళ్లు పొయ్యాలి. దాని కుటుంబంలోదే మన తులసి. ఆకు కోసమని మనం కంకులన్నీ తుంచేస్తాం. ఈ ఏడు సగం వదిలేశాం, పొద్దుటి మందు మానేశాం. తేనెటీగలు వచ్చాయి, కాయలు నిలిచాయి.

మందు తప్పకపోతే, గుమ్మడి పూలు ముడుచుకున్నాక సాయంత్రం కొట్టండి. తేనెటీగలు కనబడకపోతే పొద్దున్నే మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దండి. కోటలో నాలుగు కంకులు మాత్రం ఉండనివ్వండి.