ఆరుదొండ ఎవరి చుట్టం?

(చీమకుర్తిలో మన యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చీమకుర్తి అనగానే లోకానికి గెలాక్సీ గ్రానైట్ గుర్తొస్తుంది. మనకు మాత్రం కొండ పక్క పొదలు, మిరప చేల గట్ల మీది కంచెలు కూడా గుర్తుండాలి. ఆ పొదల్లో పెరిగే ఒక కుటుంబం గురించి ఈరోజు చెప్పుకుందాం. శాస్త్రంలో దాని పేరు కప్పారేసీ.

ముందు ఆరుదొండ. పేరులో దొండ ఉంది గానీ దొండకు చుట్టం కాదు. దొండకు నులితీగలుంటాయి, ముళ్లుండవు. ఆరుదొండకు ఆకు మొదట్లో కొక్కేల్లాంటి ముళ్లు జంటగా ఉంటాయి. పువ్వు తెల్లగా విచ్చి, తర్వాత గులాబీ రంగుకు తిరుగుతుంది. కేసరాలు కుచ్చులా బయటికి వస్తాయి. వాటి నడుమ సన్నని కాడ చివర పిందె నిలబడి ఉంటుంది. ఆ కాడే పెద్ద ఆనవాలు. కాయ పండితే ఎర్రన.

నల్ల ఉప్పికీ జంట ముళ్లే. కానీ దాని పూలు చిన్నవి, కొమ్మ చివర గుత్తులుగా పూస్తాయి. పండు బఠాణీ గింజంత, నల్లన. ఉలిమిడి చెట్టుకు ముళ్లే ఉండవు, కాడకు మూడేసి ఆకులు. అయినా పువ్వులో అదే కేసరాల కుచ్చు, పిందె కింద అదే కాడ.

మనం కూర వండుకునే వామింట, పసుపు పూల కుక్క వామింట కూడా ఒకప్పుడు ఈ కుటుంబంలోనే ఉండేవి. జన్యువులు పోల్చి చూశాక అవి ఆవాలకు ఇంకా దగ్గరని తేలింది. 2009 నాటి ఏపీజీ వర్గీకరణలో ఆరుదొండ, వామింట, ఆవాలు మూడు వేరు కుటుంబాలు. వేరు కాపురాలైనా దగ్గరి చుట్టాలే, ఆ ఘాటు ఉమ్మడి ఆస్తి. ఉత్తరాఖండ్‌లో కుక్క వామింట గింజల్ని జఖ్యా పేరుతో ఆవాల్లాగే పోపులో వేస్తారు.

18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ మొక్కలకు లాటిన్ పేర్లతో పాటు తెలుగు పేర్లూ రాశాడు. అవి ఆయన పుట్టించినవి కావు, మొక్కల్ని ఎరిగినవాళ్లు పలికినవి. రాసినవాడి పేరు నిలిచింది, చెప్పినవాళ్ల పేర్లు నిలవలేదు.

మా తరమూ తప్పు చేసింది. పలక పట్టాక ఈ పేర్లు పలకడానికి సిగ్గుపడ్డాం. మా పెద్దల్ని అడగకుండానే సాగనంపాం. మీరు ఆ తప్పు చేయకండి.

అమ్మమ్మనో తాతనో వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్లండి. ఆకు, ముల్లు, పువ్వు, కాయ నాలుగూ ఫొటో తీయండి. ఒకే పేరు పక్క ఊళ్లో మరో మొక్కకు ఉండొచ్చు. అందుకే ఊరి పేరు, చెప్పినవారు ఒప్పుకుంటే వారి పేరు రాయండి. ఆనవాళ్లన్నీ తేలకుండా ఏ ఆకునూ నోట పెట్టకండి, మందని ఎవరికీ ఇవ్వకండి.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీరు రాసుకున్నది అక్కడికి తీసుకెళ్లండి. ఈసారి మొక్క పేరు పక్కన చెప్పినవాళ్ల పేరు కూడా ఉండాలి.

సెలవు.