మరుపు వేరు, జబ్బు వేరు

(ప్రపంచ అల్జీమర్స్ దినం, సెప్టెంబర్ 21 సందర్భంగా సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



డాక్టరును పిలవకుండా బ్యాంకు ఆఫీసరును మాట్లాడమన్నారేమిటని కొందరికి అనిపించవచ్చు. నేను వైద్యం చెప్పను. ఒక శాస్త్రవేత్త చేసిన పని గురించి చెబుతాను. ఆమె విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివారు. 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ పొందారు. అమెరికాలో కొంతకాలం పరిశోధన చేసి, 1986లో బెంగళూరు నిమ్హాన్స్‌లో చేరారు.

మనం వేసుకున్న మందులను కాలేయం విడగొడుతుందని తెలుసు. ఆ పని మెదడు కూడా చేస్తుందా? అక్కడ ఆమె పట్టుకున్న ప్రశ్న ఇది. తర్వాత కేసరి పప్పు మీదికి వెళ్లారు. అది ఎక్కువగా తిన్న పేదవాళ్లకు కాళ్లు బిగుసుకుపోతాయి. ఆ జబ్బు మగవాళ్లలోనే ఎక్కువ. ఆడవాళ్లకు ఈస్ట్రోజెన్ కొంత రక్షణ ఇస్తుందని ఎలుకల మీద ఆమె బృందం చేసిన ప్రయోగాలు సూచించాయి.

2012లో వచ్చిన అశ్వగంధ పరిశోధన మీలో చాలామంది వినే ఉంటారు. అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకలకు 30 రోజులు అశ్వగంధ వేరు సారం ఇస్తే జ్ఞాపకం మెరుగుపడింది. విచిత్రం ఏమిటంటే, ఆ మందు పనిచేసింది మెదడులో కాదు, కాలేయంలో. అక్కడ ఒక ప్రొటీన్ పెరిగి, మెదడులో పేరుకున్న అమైలాయిడ్‌ను రక్తంలోకి లాగేసింది. అయితే అవి ఎలుకలు. ఈ మాట విని రేపే చూర్ణం డబ్బా కొనకండి, డాక్టరు ఇచ్చిన మాత్రలు అసలే మానకండి.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది ఆమె తర్వాతి పని. మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి డైరెక్టర్‌గా ఉన్నారు. ఆ తర్వాత బెంగళూరు ఐఐఎస్సీలో మెదడు పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టారు. మేనేజ్‌మెంట్ చదివినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఒక సంస్థను మొదటినుంచి కట్టడమే కష్టం. ఆ కేంద్రం 2018లో కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. మామిడితోటల ప్రాంతం, మన సరిహద్దు పక్కనే, తెలుగు బాగా వినిపించే ఊళ్లు. 45 ఏళ్లు దాటిన 10,000 మందిని ఏళ్ల తరబడి గమనించాలని లక్ష్యం. రక్తం, మెదడు స్కానింగ్, జ్ఞాపక పరీక్షలు, అన్నీ.

పల్లెలే ఎందుకంటే, ఇలాంటి అధ్యయనాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల్లో, చదువుకున్నవాళ్ల మీద జరిగాయి. వందలోంచి ఏడు తీసేస్తూ లెక్కపెట్టమని, బొమ్మ చూసి గీయమని వాళ్ల పరీక్షలు అడుగుతాయి. పెన్సిల్ ఎన్నడూ పట్టని అమ్మమ్మ గీయలేకపోతే అది జబ్బా, చదువు లేకపోవడమా? మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ఒక జాతీయ అంచనా వచ్చింది. ఆడవాళ్లలో, పల్లెల్లో ఎక్కువ.

ఇక మన ఇళ్ల సంగతి. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం మామూలే. ముప్పై ఏళ్లుగా వెళ్లిన వీధిలో దారి తప్పడం, అదే ప్రశ్న పదిసార్లు అడగడం, ఇంటి లెక్కలు చూసిన మనిషి చిల్లర లెక్కపెట్టలేకపోవడం మామూలు కాదు. డబ్బు వ్యవహారం తడబడటం తొలి గుర్తుల్లో ఒకటి. కౌంటర్లో కూర్చునే మనవాళ్లకు అది ముందే కనిపించవచ్చు. నెలనెలా వచ్చే పెన్షనర్ సంతకం తేడాగా ఉందనో, ఇందాకే డ్రా చేసి మళ్లీ క్యూలో నిలబడ్డారనో విసుక్కోకుండా, ఇంటివాళ్లెవరైనా ఉన్నారా అని మెల్లగా అడగండి.

బీపీ, షుగరు అదుపులో ఉంచుకోవడం, పొగ మానడం మీకు తెలిసినవే. వినికిడి తగ్గడం కూడా డిమెన్షియా ప్రమాదాన్ని పెంచుతుందని 2024 లాన్సెట్ కమిషన్ చెప్పింది. నామోషీ అని నాన్నగారు యంత్రం పెట్టుకోనంటే, ఒప్పించే బాధ్యత మనుమలది.

హాలు బయట బల్ల దగ్గర పెన్షన్ విభాగం వాళ్లు ఉన్నారు. నామినీ పేర్లు, జాయింట్ ఖాతాలు ఈ రోజే సరిచూసుకోండి. ఫారాలు తెలుగులోనే ఉన్నాయి.